పాత వర్క్‌స్టేషన్‌కి కొత్త డిస్కు – 3వ పాఠం: ముందు కంట్రోలర్, తర్వాతే డిస్కు

పోయిన పాఠంలో ఐడీఈ (డిస్కుని బోర్డుకి కలిపే పాత రకం) కేబుల్, ఒకే కేబుల్ మీది రెండు డిస్కుల్లో ఏది మాస్టరో ఏది స్లేవో చెప్పే జంపర్లు చూశాం. ఈసారి దాని తర్వాత వచ్చిన సాటా. ఇందులో జంపర్ల గొడవ లేదు, ఒక కేబుల్‌కి ఒకే డిస్కు. అందుకే చాలామంది డిస్కు బిగించేస్తే పనైపోయిందనుకుంటారు. కానీ అసలు పని బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగుల చోటు), కంట్రోలర్ (బోర్డు మీద డిస్కులతో మాట్లాడే భాగం) దగ్గర ఉంది. ధవళేశ్వరంలో తలుపులు ఎత్తకపోతే మన చేలో బోదె ఎంత బాగా తవ్వుకున్నా నీళ్లు రావు కదా, ఇదీ అంతే.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో పాలకొల్లు నుంచి ఒక ఫొటో స్టూడియో కుర్రాడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త డిస్కు పెట్టాను. విండోస్ రావట్లేదు, నీలం స్క్రీన్ వచ్చి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. పొద్దున్నే ఆల్బమ్ ఇవ్వాలి" అన్నాడు. బాగా టెన్షన్‌లో ఉన్నాడు. పాత డిస్కు పోయిందనుకుని విండోస్ మళ్లీ ఎక్కించడానికి సీడీ కూడా పెట్టేశాడు. "ఏదీ నొక్కకు తమ్ముడూ. ఆ నీలం స్క్రీన్‌లో స్టాప్ అన్న చోట సున్నాల చివర 7బీ అని ఉందా చూడు" అన్నాను. ఉంది. ఎవరో చెప్పారని బయోస్‌లో సాటా మోడ్‌ని, అంటే కంట్రోలర్ డిస్కుతో మాట్లాడే తీరుని, ఐడీఈ (పాత తీరు) నుంచి ఏహెచ్‌సీఐ(కొత్త తీరు)కి మార్చాడట. తిరిగి ఐడీఈ పెట్టించాను. విండోస్ వచ్చేసింది, పెళ్లి ఫొటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థమైతే ఇక భయం ఉండదు. విండోస్ 7 తనని ఏ మోడ్‌లో ఎక్కించారో ఆ మోడ్ డ్రైవర్‌నే (దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌నే) మొదట్లో లేపుతుంది, మిగతావాటిని పక్కన పెడుతుంది. మీరు మోడ్ మార్చేస్తే విండోస్ సగం లేచి, తన డిస్కునే చదవలేక ఆగిపోతుంది. డిస్కుకి ఏమీ కాలేదు.

మరి ఐడీఈలోనే ఉంచేస్తే? ఎక్స్‌పీ నడిచే మిషన్ అయితే అలాగే ఉంచండి, దానికి సొంతంగా ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు. విండోస్ 7 లేదా ఆపైన ఉంటే మాత్రం మార్చుకోవడమే మంచిది. ఏహెచ్‌సీఐలో డిస్కు 32 పనుల దాకా ఒకేసారి తీసుకుని, తనకు దగ్గరైన వరసలో చేసుకుంటుంది. కొబ్బరి దింపు తీసే మనిషి కూడా అంతే. మనం తోటలో ఈ చివర చెట్టు, ఆ చివర చెట్టు అని ఎలా చెప్పినా, తను నడిచే దారిలో వచ్చే చెట్టే ముందు ఎక్కుతాడు. అటూ ఇటూ తిరుగుడు తగ్గుతుంది.

మార్చే పద్ధతి ఇది. విండోస్ 7లో, బయోస్‌ని ముట్టుకోకముందే, రెజ్‌ఎడిట్ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక అయిన రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రామ్) తెరవండి. లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ వరసగా దిగి, ఎంఎస్ఏహెచ్‌సీఐ అన్న దాంట్లో స్టార్ట్ విలువ 3 ఉంటే 0 చేయండి. అప్పుడు రీస్టార్ట్ చేసి బయోస్‌లో మోడ్ మార్చండి. విండోస్ 10లో రిజిస్ట్రీ జోలికి పోనక్కర్లేదు. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ ప్రోగ్రామ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసేస్తే చాలు. కొన్ని వర్క్‌స్టేషన్లు మొదటినుంచీ రెయిడ్ మోడ్‌లో వస్తాయి. అందులో రెండు మూడు డిస్కులు కలిపి ఒకే వాల్యూమ్‌గా నడుస్తుంటే ఆ మోడ్‌ని మార్చవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, అక్కడ పొరపాటు జరిగితే డేటాకే ఎసరు.

బయోస్‌లో ఉన్నప్పుడే ఇంకొకటి చూడండి. కొన్ని మిషన్లలో ఖాళీ సాటా పోర్టులు డిసేబుల్ చేసి ఉంటాయి. మీరు వాడబోయే పోర్టు ఎనేబుల్ చేయండి.

ఏ పోర్టు? 2011లో వచ్చిన ఇంటెల్ పీ67, హెచ్67 చిప్‌సెట్లలో (బోర్డు మీది ముఖ్యమైన చిప్పు) రెండు పోర్టులు సెకనుకు 6 గిగాబిట్లవి, నాలుగు 3 గిగాబిట్లవి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) ఉంటే వేగం పోర్టు దానికి వదిలేయండి. మామూలు తిరిగే డిస్కు సెకనుకు 300 మెగాబైట్లు దాటదు, దానికి 3 గిగాబిట్ల పోర్టు సరిపోతుంది.

బిగించే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. పెద్ద డిస్కు లేచేటప్పుడు 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. పవర్ సప్లైలో సాటా పిన్ను లేక మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ ప్లగ్గు) నుంచి కన్వర్టర్ వాడాల్సి వస్తే, వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసినట్టు మూసేసిన రకం కొనకండి. అలాంటిది లోపల షార్టయి కరిగిపోవడం నేను చూశాను. వైర్లు ఒక్కొక్కటీ విడిగా పిన్నులో నొక్కి బిగించిన రకం తీసుకోండి.

డేటా కేబుల్ విషయంలో మన ప్రాంతం వాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి పాత కేబుల్ చివర్ల మెరుపు పోయి మసకబారుతుంది. డిస్కు పెట్టాక స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 199వ నంబర్ ఎదురుగా ఉన్న విలువ రాసి పెట్టుకోండి. వారం తర్వాత అది పెరిగి ఉంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే, డిస్కుని కాదు. కేబుల్ మార్చి చూడండి. 5వ నంబర్, 197వ నంబర్ విలువలు పెరుగుతుంటే మాత్రం డిస్కు ఉపరితలమే పాడవుతోందని అర్థం, డేటా వెంటనే వేరే చోటికి తీసేయండి.

ఇప్పుడు ఆన్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్కు అయితే ఎంబీఆరా, జీపీటీయా (డిస్కులోని భాగాల పట్టిక రాసే రెండు పద్ధతులు) అని అడుగుతుంది. 2 టీబీ దాటిన డిస్కుకి ఎంబీఆర్ కుదరదు, మిగిలిన చోటు వృథా అవుతుంది. కానీ బూట్ విషయం కూడా చూసుకుని తేల్చాలి, అది 4వ పాఠంలో. ఈలోపు క్యాన్సిల్ కొట్టండి. పాత ఫొటోలున్న డిస్కు పెట్టినప్పుడు ఇదే ప్రశ్న వస్తే అప్పుడూ క్యాన్సిలే, ఓకే నొక్కవద్దు.