హార్మోన్ రిపోర్టు చదవడం, 4వ పాఠం: తూము తెరిచే చెయ్యి

గత పాఠంలో అండాశయాలను, వృషణాలను నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్ల అంకెలను విడివిడిగా చదివాము. ఈసారి రిపోర్టులో ఎక్కడా కనిపించని, మెదడులో వాటికి పైనుంచి ప్రేరణనిచ్చే కిస్‌పెప్టిన్ అనే పదార్థం జాడను ఆ అంకెల నుంచే పట్టుకోవాలి.

ఓరుగల్లు చెరువుల కింద సేద్యం ఎరిగినవారికి నీరటి పని చెప్పనక్కరలేదు. చెరువు నిండుగా ఉన్నా, ఆయన తూము తెరిస్తేనే మడికి నీరు పారుతుంది. మెదడు అడుగుభాగమైన హైపోథాలమస్‌లోని కిస్‌పెప్టిన్ కణాలది అదే పని. వాటి ప్రేరణతో వెలువడే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్, పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథిని చేరి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను విడుదల చేయిస్తుంది. అవి రక్తంలో ప్రవహించి అండాశయాలను, పురుషులలోనైతే వృషణాలను పనిలో పెడతాయి. కిస్‌పెప్టిన్ గ్రాహకం, అంటే దాని సందేశాన్ని అందుకునే ప్రొటీన్, చెడిన కుటుంబాలలో పిల్లలకు యుక్తవయసు రాకపోవడాన్ని 2003లో రెండు పరిశోధక బృందాలు గుర్తించాకే ఈ కణాల ప్రాధాన్యం లోకానికి తెలిసింది.

నీటి వంతులలాగే జీఎన్‌ఆర్‌హెచ్ విడుదల కూడా దఫదఫాలుగా, నెలసరి తొలి సగంలో సుమారు గంట, గంటన్నరకు ఒకసారి జరుగుతుంది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను ఎడతెగకుండా ఇస్తే పిట్యూటరీ కొన్నాళ్లకు స్పందించడమే మానేస్తుంది. రెండు దఫాల నడుమ తీసిన రక్తంలో ఎల్‌హెచ్ తక్కువగా కనిపించవచ్చు కాబట్టి ఆ ఒక్క అంకెను చూసి ఎన్నడూ తీర్పు చెప్పకండి.

ఇప్పుడు అభ్యాసం. నెలసరి ఆగి ఆరు నెలలైన, గర్భం లేదని తేలిన ఇద్దరు యువతుల రిపోర్టులను పక్కపక్కన పెట్టుకోండి. ఇద్దరికీ ఎస్ట్రడయాల్, అంటే అండాశయాలు తయారుచేసే ముఖ్యమైన ఎస్ట్రోజెన్, 15 మాత్రమే. మొదటి ఆమె ఎఫ్‌ఎస్‌హెచ్ 62: పైనుంచి పిలుపు గట్టిగానే వస్తున్నది, అండాశయం పలకడం లేదు. రెండో ఆమె ఎఫ్‌ఎస్‌హెచ్ 2.1, ఎల్‌హెచ్ 0.8: ఎస్ట్రోజెన్ ఇంతగా పడిపోయినప్పుడు ఇవి పెరగాలి, పెరగలేదు, అంటే చిక్కు పిట్యూటరీలోనో, ఆపైన తూము దగ్గరో ఉన్నది. వెంటనే ప్రొలాక్టిన్ (తల్లిలో పాలు ఊరించే హార్మోన్) గడికి వెళ్లండి. అది బాగా హెచ్చితే కిస్‌పెప్టిన్ కణాలను అణచివేస్తుంది. అది మామూలుగానే ఉంటే తిండి, బరువు, శ్రమ గురించి అడగాలి. కానిస్టేబుల్ ఎంపిక కోసం హన్మకొండ స్టేడియంలో తెల్లవారకముందే పరుగెత్తుతూ, రాత్రి అన్నం మానేసిన అమ్మాయిని ఈ ప్రశ్న అడగకుండా పంపించడం నా దృష్టిలో పెద్ద తప్పు. ఒంట్లో కొవ్వు తరిగితే ఆ కొవ్వు నుంచే వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, దానితో కిస్‌పెప్టిన్ ప్రేరణా సన్నగిల్లుతుంది.

వచ్చే పాఠానికి ముందు రెండో రిపోర్టును మళ్లీ తీసి, ప్రొలాక్టిన్ 90 అని రాసుకొని, ప్రొలాక్టిన్‌ను ఇలా పెంచగల ఏయే మందుల గురించి ఆమెను అడగాలో మీ నోటుపుస్తకంలో రాయండి.