చిన్న తూటా అని ఏమరుపాటు వద్దు: వేసవి పిస్టల్ సాధనకు ముందు జాగ్రత్తలు

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో చేయి కుదిరిన తరువాత 25 మీటర్ల పోటీలకు సిద్ధమయ్యేవారు పట్టేది .22 రిమ్‌ఫైర్ పిస్టల్, అంటే అంగుళంలో 22 వందల వంతు బోరు (గొట్టం లోపలి వెడల్పు) ఉన్నది. పెద్ద బోరు తూటాలతో పోలిస్తే దీని తూటా చవక, తన్ను (కాల్చినప్పుడు చేతికి తగిలే వెనుదెబ్బ) తక్కువ, చప్పుడూ తక్కువే కాబట్టి ఒక్క పూటలో ఎక్కువ సాధన చేయడానికి వీలవుతుంది. ప్రమాదం కూడా ఈ సౌలభ్యం వెంటే వస్తుంది. చేతికి తన్ను తెలియని ఆయుధాన్ని మనసు తేలిగ్గా తీసుకుంటుంది. సుమారు రెండున్నర గ్రాముల ఆ సీసపు తూటా ఒకటిన్నర మైలు, అంటే దాదాపు 2.4 కిలోమీటర్ల దూరం వరకు ప్రమాదకరమని తూటాల పెట్టెల మీదనే హెచ్చరిక ఉంటుంది.

అందువల్ల మొదటి జాగ్రత్త స్థలానికి సంబంధించినది. లైసెన్స్ చేతిలో ఉన్నంత మాత్రాన సొంత మామిడితోటలో గురి చూసుకునే హక్కు రాదు. పైగా మన తిరుపతి వైపు వేసవి అంటే కోతల కాలం, ఏ చెట్టు చాటున ఏ కూలీ ఉన్నాడో కాల్చేవాడికి కనబడదు. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేలా 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. శేషాచలం అడవిలోని శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోకి గానీ, పలమనేరు, కుప్పం వైపున్న కౌండిన్య అభయారణ్యంలోకి గానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అనుమతి పొందిన రేంజ్‌లో, వెనుక మట్టికట్ట ఉన్నచోట, అధికారి ఆజ్ఞ ప్రకారం మాత్రమే కాల్చాలి.

రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు ఇత్తడి గుల్ల అడుగు అంచు లోపల పూసి ఉంటుంది. అది చుట్టూ సమానంగా పరుచుకోకపోతే ట్రిగ్గర్ లాగినప్పుడు కొట్టే పిన్ను తగిలిన చోట మందు లేక తూటా పేలదు. మందు అడుగు మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ తూటాలతో పోలిస్తే ఈ ఇబ్బంది ఇందులో ఎక్కువ. ట్రిగ్గర్ లాగినా పేలనప్పుడు వెంటనే స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) లాగడం, పిస్టల్‌ను ముఖం వైపు తిప్పి చూడడం అత్యంత ప్రమాదకరం, ఎందుకంటే కొన్ని తూటాలు కొన్ని క్షణాలు ఆలస్యంగా పేలుతాయి. బ్యారెల్ (గొట్టం)ను టార్గెట్ వైపే నిలిపి, కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతే మ్యాగజీన్ తీసి తూటాను బయటికి తీయాలి. దానిని చెత్తబుట్టలో వేయకుండా రేంజ్ అధికారికి అప్పగించాలి. చప్పుడు మామూలు కంటే మందంగా వినిపించినా, టార్గెట్ మీద గుర్తు పడకపోయినా తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. అప్పుడు మరో తూటా కాల్చడమంటే బ్యారెల్‌ను పగలగొట్టుకోవడమే. పిస్టల్ ఖాళీ చేసి కోచ్‌కు చూపించండి, వరుస తెగిపోతుందని మొహమాటపడకండి.

తూటా లేకుండా ట్రిగ్గర్ సాధన చేసేవారు కూడా తయారీదారు సూచన చదవాలి. కొన్ని రిమ్‌ఫైర్ పిస్టళ్లలో అలా చేస్తే పిన్ను నేరుగా ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచును కొట్టి దానిని నొక్కేస్తుంది. ఇందుకోసం దొరికే డమ్మీ తూటాలు వాడడం మేలు.

పెద్ద బోరు పిస్టల్ ఫ్రేమ్ మీద స్లయిడ్, బ్యారెల్, మ్యాగజీన్ మార్చి .22 తూటాలు కాల్చే కన్వర్షన్ కిట్లు విదేశాల్లో బాగా వాడుకలో ఉన్నాయి. మన దేశంలో 9 ఎంఎం పిస్టల్ సామాన్య పౌరులకు నిషిద్ధ బోరు కనుక అక్కడి సలహాలను యథాతథంగా పాటించకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలో ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే. కాబట్టి కిట్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం గానీ, తెలిసిన లేత్ పనివాడి చేత బ్యారెల్ మార్పించడం గానీ ఎంతమాత్రం తగదు. లైసెన్స్ ఇచ్చే అధికారిని రాతపూర్వకంగా అడిగిన తరువాతే ఆ ఆలోచన చేయాలి. చట్టబద్ధంగా కిట్ వాడే చోట కూడా అది ఏ మోడల్ కోసం చేసినదో దానికే బిగించాలి, తయారీదారు చెప్పిన వేగం గల తూటాలే వాడాలి, బల్ల మీద రెండు బోర్ల తూటాలను ఒకేసారి ఉంచకూడదు. బ్యారెల్, తూటా మారడంతో గురి మారుతుంది కనుక గురి చూసే సైట్లు మళ్లీ సరిచూసుకోవాలి.

రేణిగుంట రోడ్డు మీద ఏప్రిల్, మే నెలల ఎండలో ఆపిన కారు లోపల ఎంత వేడెక్కుతుందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. తూటాలను అందులో వదలకుండా చల్లని, పొడి చోట, పిస్టల్‌కు వేరుగా తాళం వేసి ఉంచాలి. సాధన ముగించుకుని అటు నుంచి అటే దర్శనానికి వెళ్లే ఆలోచన ఉంటే ముందుగా ఆయుధాన్ని భద్రపరచి రావాలి, తిరుమల కొండ మీదికి ఆయుధాలు నిషిద్ధం, అలిపిరి దగ్గర తనిఖీ తప్పదు.

కళ్లద్దాలు, చెవుల రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చరాదు. గుల్ల అంచు చిట్లితే వేడి వాయువు, ఇత్తడి ముక్కలు ముఖం మీదికి వస్తాయి. తూటాలోనూ, దాని అంచులోని మందులోనూ సీసం ఉంటుంది కాబట్టి రేంజ్‌లో ఏమీ తినకూడదు, తాగకూడదు. బయటికి రాగానే చేతులు, ముఖం చన్నీళ్లతో, సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే వారిని ఎత్తుకునే ముందు ఆ బట్టలు మార్చుకుని, వాటిని విడిగా ఉతకాలి.