ఫార్సీ వాక్యాలు ట్రాన్స్‌లేషన్ మెమరీకి అందకపోతే: నా అనుభవం

ఫార్సీ నుంచి ఇంగ్లీషులోకి అనువదించేటప్పుడు, ఇదివరకే అనువదించి ట్రాన్స్‌లేషన్ మెమరీలో (పాత వాక్యాలనూ వాటి అనువాదాలనూ జతలుగా దాచే నిల్వలో) భద్రపరచిన వాక్యమే మళ్లీ ఎదురైనా సాఫ్ట్‌వేర్ దానిని కొత్తదిగా చూపడం చాలామంది అడుగుతున్న సమస్య. ఫాంటు మార్చడం, మెమరీని మళ్లీ దిగుమతి చేయడం, కనీసం ఎంత పోలిక ఉంటే పాత వాక్యాన్ని చూపాలో చెప్పే శాతాన్ని తగ్గించడం నాకు ఫలితమివ్వలేదు.

చిక్కు అక్షరాల సంకేతాలలో ఉంది. ప్రతి అక్షరానికీ ఒక సంకేతసంఖ్యనిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఫార్సీ 'యే'కు 06సీసీ, 'కాఫ్'కు 06ఏ9 ఉండగా, అరబిక్ కీబోర్డుతో టైపు చేసిన పత్రాలలో వాటి స్థానంలో 064ఏ, 0643 వస్తాయి. 'కెతాబ్' వంటి మాట మొదట్లో రెండు కాఫ్‌లూ ఒకేలా కనిపిస్తాయి గనుక తెరమీద ఎంతసేపు చూసినా తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్ మాత్రం సంకేతాలనే పోల్చి, వాటిని వేర్వేరు మాటలుగా చూస్తుంది.

ముందుగా మెమరీని టీఎంఎక్స్ (ట్రాన్స్‌లేషన్ మెమరీల మార్పిడికి వాడే ఫార్మాట్) ఫైలుగా ఎగుమతి చేసి, ఒక నకలు విడిగా దాచాను. తరువాత యూనికోడ్‌ను గుర్తించే ఎడిటర్‌లో, ఫార్సీ భాగాలలో మాత్రమే, ఆ రెండు అరబిక్ అక్షరాలను ఫార్సీ అక్షరాలుగా మార్చి, ఆ ఫైలును ఖాళీ మెమరీలోకి దిగుమతి చేశాను. పదకోశానికీ, అనువదించవలసిన మూలపత్రం నకలుకూ ఇదే మార్పు చేశాకే పాత వాక్యాలు దొరకసాగాయి. ఒకవైపే మారిస్తే పొంతన కుదరదు. 'మీరవమ్' వంటి క్రియలో 'మీ' తరువాత ఉండే, కంటికి కనబడని 200సీ సంకేతాన్ని మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే అది పోతే అక్షరాలు అతుక్కుపోతాయి.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. పత్రంలో అరబిక్ ఉల్లేఖనలుంటే మూకుమ్మడి మార్పు వాటిని చెడగొడుతుంది. స్కానింగులో అక్షరాలే తప్పుగా చదవబడితే ఈ పద్ధతి చాలదు.