ఇంగ్లిష్ నుడికారాలు, 9వ పాఠం: హిట్ ఎ స్నాగ్

పోయిన పాఠంలో పని మొదలుపెట్టడానికి వాడే ‘గెట్ ది బాల్ రోలింగ్’ నేర్చుకున్నాం. అలా మొదలైన పని మధ్యలో అడ్డం తిరిగితే ఏమనాలో ఇప్పుడు చూద్దాం.

సాఫీగా సాగుతున్న పనికి అనుకోని ఆటంకం ఎదురైతే ‘హిట్ ఎ స్నాగ్’ అంటారు. స్నాగ్ అంటే నదిలో నీటి కింద దాగి ఉండే చెట్టు మొద్దు. 19వ శతాబ్దంలో మిసిసిపి నదిలో తిరిగే ఆవిరి పడవలకు ఇవి పెద్ద గండం. అడుగున చిల్లు పడి ఎన్నో పడవలు మునిగిపోయాయి. ఈ మొద్దుల్ని పీకడానికే హెన్రీ ష్రీవ్ అనే కెప్టెన్ 1829లో హీలియోపోలిస్ అనే ప్రత్యేక పడవను కట్టించాడు. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ నగరానికి పెట్టింది ఆయన పేరే.

మొద్దుకు తగిలి మునిగిన ఆ పడవల్ని గుర్తుపెట్టుకుంటే మనకు మామూలుగా దొర్లే ఒక తప్పు దొర్లదు. తెలుగులో చిక్కే మన దగ్గరికి వస్తుంది: ‘పనికి చిక్కొచ్చి పడింది’ అంటాం. ఆ అలవాటుతో ‘ఎ స్నాగ్ కేమ్ టు అవర్ వర్క్’ అనేస్తాం. ఇంగ్లిష్‌లో మొద్దు ఉన్నచోటే ఉంటుంది, పడవే వెళ్లి తగులుతుంది. కాబట్టి వాక్యాన్ని పనితోనో మనిషితోనో మొదలుపెట్టండి. ‘ది లోన్ ప్రాసెస్ హిట్ ఎ స్నాగ్.’ ‘వి హిట్ ఎ స్నాగ్ విత్ ది వీసా.’ ఇది పట్టుబడితే పాఠంలో సగం వచ్చేసినట్టే.

భూతకాలంలోనూ హిట్ అనే అనాలి, హిట్టెడ్ అనే మాట లేదు. ‘రన్ ఇన్‌టు ఎ స్నాగ్’ అన్నా ఇదే అర్థం. దాని భూతకాలం ‘ర్యాన్ ఇన్‌టు’. విమానాల వార్తల్లో మన ఇంగ్లిష్ పేపర్లు రాసే ‘టెక్నికల్ స్నాగ్’ కూడా ఈ మాటే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. సర్దుకోగలిగిన ఇబ్బందికే ఇది వాడాలి. ఎవరైనా చనిపోయినప్పుడో, సర్వం పోగొట్టుకున్నప్పుడో ఈ మాట అంటే ఎదుటివాళ్ల మనసు నొచ్చుకుంటుంది. ఇక దారే లేదనిపిస్తే ‘హిట్ ఎ బ్రిక్ వాల్’ అంటారు.

అభ్యాసం: వీటిని ఇంగ్లిష్‌లో చెప్పండి. ఒకదానికి ఈ నుడికారం నప్పదు, అదేదో కనిపెట్టండి.

సర్వర్ డౌన్ అయి రిజిస్ట్రేషన్ ఆగింది.
వరదలో వాళ్ల ఇల్లు కొట్టుకుపోయింది.
హాల్ దొరక్క ఫంక్షన్ ఏర్పాట్లకు ఆటంకం వచ్చింది.

జవాబులు 10వ పాఠంలో.