పాత మియాటా ఇంజిన్‌లో చప్పుడా? హెడ్ విప్పే ముందు ఇవి చూడండి

మాజ్డా ఎంఎక్స్-5ను 1989లో చికాగో ఆటో షోలో బయటపెట్టారు. అమెరికాలో దాని పేరు మియాటా. మొదటి తరం బండి 1997 దాకా వచ్చింది. మొదట 1.6 లీటర్ల ఇంజిన్, అమెరికాలో 1994 మోడల్ నుంచి 1.8. ఇప్పుడు ఈ బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు తొందరగానే ఎదురయ్యే సంగతి ఇంజిన్ పైభాగం నుంచి వచ్చే టిక్‌టిక్. ఎవరో ఒకరు "ఇంజిన్ పోయింది" అని భయపెడతారు, ఇంకొకరు "అన్నిటికీ అంతేలే" అని కొట్టిపారేస్తారు. రెండు మాటలూ నమ్మకండి. చప్పుడు ఎలా ఉందనే దానికన్నా ఎప్పుడు వస్తోందనేదే ఎక్కువ చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఐడిల్‌లోనా, 2,500 ఆర్‌పీఎం దగ్గరా? యాక్సిలరేటర్ తొక్కుతుంటేనా, వదిలేస్తేనా? క్లచ్ తొక్కితే మారుతోందా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు కాగితం మీద రాసుకున్నాకే పానా పట్టండి.

ముందు ఆయిల్ చూడండి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపిన ఐదు నిమిషాలకు డిప్‌స్టిక్ తీయండి. మట్టం తగ్గితే చప్పుడొస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైనా వస్తుందన్నది చాలామందికి తట్టదు. పైగీత దాటి పోస్తే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ గాలి బుడగలే పైకి వెళ్లి ట్యాపెట్లలో, అంటే వాల్వుల మీద కూర్చునే చిన్న గిన్నెల్లాంటి భాగాల్లో చేరతాయి. 1.6 ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి సుమారు 3.6 లీటర్లు, 1.8కి సుమారు 3.8 లీటర్లు పడుతుంది. ఎప్పుడు మార్చారో తెలియని ఆయిల్ అయితే ముందు 10డబ్ల్యూ-30 పోసి, మంచి ఫిల్టర్ వేసి, రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపాకే మిగతా పరీక్షలు మొదలుపెట్టండి. ఫిల్టర్ విషయంలో కక్కుర్తి వద్దు. ఈ బండిలో అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాదాపు అడ్డంగా ఉంటుంది. లోపల ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ బాగోలేకపోతే రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, పొద్దున స్టార్ట్ చేయగానే టకటకలాడుతుంది.

తర్వాత ప్రెషర్. 1994 దాకా వచ్చిన బండ్లలో డాష్‌బోర్డ్ మీది ఆయిల్ మీటర్ నిజంగానే కొలుస్తుంది. 1995 నుంచి వచ్చినవాటిలో ప్రెషర్ ఏ కాస్త ఉన్నా ముల్లు మధ్యలో నిలబడుతుంది, దాన్ని నమ్మి ఏమీ తేల్చకూడదు. అలాంటి బండికి ఆయిల్ ఫిల్టర్ దగ్గరున్న సెన్సర్ తీసి, ఆ రంధ్రానికి మెకానికల్ గేజ్ బిగించండి. మర 1/8 బీఎస్‌పీటీ (పైపు మరల్లో ఒక కొలత). ఇంజిన్ బాగా వేడెక్కాక 1,000 ఆర్‌పీఎం దగ్గర 29 నుంచి 42 పీఎస్‌ఐ, 3,000 దగ్గర 43 నుంచి 57 ఉండాలి. ఇంతకన్నా బాగా తక్కువ ఉంటే టిక్‌టిక్ సంగతి పక్కనపెట్టి ఆయిల్ పంపు, బేరింగుల వైపు ఆలోచించాలి.

పై చప్పుడా, కింది చప్పుడా

వాల్వులు తెరిచే పై ఇరుసు క్యామ్‌షాఫ్ట్, క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. 850 ఆర్‌పీఎం ఐడిల్‌లో క్రాంక్ సెకనుకు దాదాపు 14 చుట్లు, క్యామ్ 7 చుట్లు. ఒక ట్యాపెట్ కొడుతుంటే సెకనుకు ఏడు దెబ్బలు వినిపిస్తాయి. చెవితో లెక్కపెట్టలేం, ఫోన్‌లో రికార్డ్ చేసి నాలుగో వంతు వేగంతో వింటే తేలిగ్గా తెలిసిపోతుంది. టైమింగ్ లైట్ (ప్లగ్ వైరులో స్పార్కు వెళ్లినప్పుడల్లా మెరిసే దీపం) ఉంటే ఇంకా సులువు. ఈ ఇంజిన్‌లో ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు పనిచేస్తుంది కాబట్టి ప్లగ్ వైరు మీద క్లిప్ పెడితే క్రాంక్ చుట్టుకో మెరుపు వస్తుంది. రెండు మెరుపులకు ఒక దెబ్బ పడితే వాల్వుల వైపు, ప్రతి మెరుపుకూ పడితే క్రాంక్ వైపు.

చోటు పట్టుకోవడానికి మెకానిక్ స్టెతస్కోప్, లేదంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే చాలు. వాల్వ్ కవర్ బోల్టుల మీద, తర్వాత బ్లాక్ పక్కన, ఆయిల్ సంప్ మీద వరసగా వినండి. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు ఏవీ బెల్టుల దగ్గరికి రాకూడదు. రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరిగేది, వేడెక్కితే ఏ క్షణంలోనైనా మొదలవుతుంది.

కింది నుంచి బరువైన టక్ టక్ వినిపిస్తే బండి నడపడం ఆపేయండి. రాడ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోటి బేరింగ్) చప్పుడు ఐడిల్‌లో దాదాపు వినపడకపోవచ్చు. 2,000 నుంచి 2,500 దాకా మెల్లగా పెంచి, యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలితే ఆ క్షణంలో గబగబా కొట్టి ఆగుతుంది. ఖాయం చేసుకోవడానికి ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడండి. ఏ సిలిండర్‌కు పెట్రోలు ఆగినప్పుడు దెబ్బ తగ్గుతుందో తప్పు అక్కడే. ప్లగ్ వైరు పీకి చూడొద్దు, స్పార్కు దారి తప్పి కాయిల్ దెబ్బతింటుంది. ఆయిల్ దించి, పాత ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూస్తే రాగి, వెండి రంగు మెరుపులు కనిపిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు మాత్రం మొద్దుగా కొట్టి, ఐదారు నిమిషాల్లో తగ్గిపోయేది పిస్టన్ స్లాప్, అంటే పిస్టన్ సిలిండర్ గోడకు తగిలే చప్పుడు. దానితో చాలాకాలం నడవొచ్చు.

ట్యాపెట్లు

ఈ ఇంజిన్‌లో 16 వాల్వులకు 16 హైడ్రాలిక్ ట్యాపెట్లు. క్యామ్ లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) నేరుగా ట్యాపెట్ నెత్తిమీద నొక్కుతుంది, మధ్యలో రాకర్ ఆర్మ్ లేదు. ట్యాపెట్ లోపల చిన్న ప్లంజర్, దాని కింద స్ప్రింగుతో నిలిచే బాల్ వాల్వ్. హెడ్‌లోని సన్నటి దారిలోంచి వచ్చే ఆయిల్ ప్లంజర్ కింద నిండి, వాల్వుకూ క్యామ్‌కూ మధ్య సందు లేకుండా చేస్తుంది. ఆ దారిలో మడ్డి పేరుకున్నా, బాల్ సరిగ్గా కూర్చోకపోయినా, లోపల గాలి చిక్కుకున్నా ట్యాపెట్ మెత్తబడి సందు మిగులుతుంది. ఆ సందు తగిలే చప్పుడే మీరు వినేది.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సెకన్లు కొట్టి ఆగితే పట్టించుకోనక్కర్లేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే మొదట గాలి తీయడానికి ప్రయత్నించండి. ఇంజిన్ వేడెక్కనిచ్చి, బండి కదలకుండా 2,000 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య పది నిమిషాలకు పైగా నడపండి. టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నుంచండి. నెలల తరబడి కదలని బండి చాలాసార్లు దీనితోనే మెత్తబడుతుంది. తగ్గకపోతే డిటర్జెంట్ ఎక్కువుండే ఆయిల్‌తో తక్కువ దూరాలకే రెండుసార్లు మార్పులు చేయండి. ఇంజిన్ ఫ్లష్ డబ్బాలు మాత్రం బాగా మడ్డి పట్టిన ఇంజిన్‌లో పోయొద్దు. ఒక్కసారిగా ఊడిన మడ్డి వెళ్లి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే, ట్యాపెట్ చప్పుడుతో మొదలైంది బేరింగులతో ముగుస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే వాల్వ్ కవర్ తీయాలి. ఇంజిన్ నడిపి ఆపిన వెంటనే తీయాలి, ఆలస్యమైతే మంచి ట్యాపెట్లలోంచి కూడా ఆయిల్ జారిపోవచ్చు. క్రాంక్ బోల్టుకు 21 ఎంఎం సాకెట్ వేసి ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ, ఏ లోబ్ మొన పైకి తిరిగి ఉందో ఆ ట్యాపెట్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి. బాగున్నది రాయిలా ఉంటుంది. స్పాంజిలా కిందికి దిగితే అదే దొంగ. ఒక్కో దానికి సిలిండర్ నంబరు, ఇన్‌టేకో ఎగ్జాస్టో రాసుకోండి. సాధారణంగా పదహారూ చెడిపోవు, రెండో మూడో ఉంటాయి.

వాటిని తీయాలంటే టైమింగ్ బెల్టు, క్యామ్‌షాఫ్టులు దించాలి. క్యామ్ క్యాపుల మీద నంబర్లూ బాణం గుర్తులూ ఉంటాయి, ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి. బోల్టులు ఒక్కసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా వదులు చేయాలి, లేకపోతే క్యామ్ ఒక పక్కకి లేచి క్యాపు పగులుతుంది. తీసిన ట్యాపెట్లను గుడ్ల ట్రేలో వరసగా పెట్టండి. ఒకదాని రంధ్రంలో అరిగినదాన్ని ఇంకో రంధ్రంలో వేయకూడదు. శుభ్రం చేయాలనుకుంటే ట్యాపెట్‌ను చెక్క మీద బోర్లా తట్టి ప్లంజర్ బయటికి రప్పించి, కిరోసిన్‌లో నానబెట్టి, బాల్‌ను సన్నటి తీగతో మెల్లగా నొక్కుతూ కొత్త ఆయిల్‌లో ముంచి నింపండి. నెత్తిమీద గుంటలు పడ్డదాన్ని శుభ్రం చేసి లాభం లేదు, మార్చేయాలి. తిరిగి బిగించేటప్పుడు క్యాప్ బోల్టులు 11.3 నుంచి 14.2 న్యూటన్ మీటర్లు, వాల్వ్ కవర్‌వి 4.9 నుంచి 8.8 మాత్రమే. ఇవి చిన్న బోల్టులు, అల్యూమినియం మర, చేతి బలం చూపిస్తే హెడ్ మర ఊడొస్తుంది. స్టార్ట్ చేసే ముందు చేత్తో క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి ఎక్కడా తట్టుకోవడం లేదని చూసుకోండి.

ముందువైపు చప్పుళ్లు

1990, 1991 తొలి బండ్లు కొన్నవాళ్లు ఇక్కడ తప్పకుండా ఆగాలి. వాటి క్రాంక్ ముక్కు, అంటే ముందు పుల్లీ బిగించే కొస, సన్నం. ముందు పుల్లీకి నాలుగు సందులుంటే సన్న ముక్కు, ఎనిమిదుంటే తర్వాతి లావు ముక్కు. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు సన్న ముక్కు బోల్టు సరిగ్గా బిగించకపోతే గేరు వదులై, కీ పట్టే గాడి నెమ్మదిగా తినేస్తుంది. ముందువైపు కొట్టుకునే చప్పుడు, తగ్గిన పికప్, ఎంత సరిచేసినా నిలవని ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్‌లో స్పార్కు పడే సమయం) దాని గుర్తులు. ఐడిల్‌లో పుల్లీని పక్కనుంచి తేరిపార చూడండి. ఊగుతుంటే వెంటనే ఆపండి. గాడి కొంచెమే తిన్నప్పుడు లాక్‌టైట్ 660 అనే జిగురుతో కొత్త కీ, గేరు, బోల్టు కూర్చోబెట్టే పద్ధతి ఉంది. బాగా పోతే క్రాంక్ మార్చాల్సిందే. సన్న ముక్కు బోల్టుకు 108 నుంచి 118 న్యూటన్ మీటర్లు, లావుదానికి 157 నుంచి 167. రెండూ కలగాపులగం చేయొద్దు.

గరగర, కీచుమనే చప్పుళ్లకు బెల్టులు విప్పి చూడటం ఒక్కటే తిన్నని దారి. పవర్ స్టీరింగ్, ఏసీ బెల్టు తీసి స్టార్ట్ చేయండి. తగ్గలేదా, ఆల్టర్నేటర్ బెల్టు కూడా తీయండి. వాటర్ పంపు తిరిగేది ఈ రెండో బెల్టుతోనే, కాబట్టి అర నిమిషం మించి నడపొద్దు. రెండూ తీసినా చప్పుడుంటే టైమింగ్ కవర్ లోపలి టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు. బెల్టు 60,000 మైళ్లకు, అంటే దాదాపు 96,000 కిలోమీటర్లకు మార్చాలి. అప్పుడే ఆ రెండు బేరింగులూ, వాటర్ పంపూ మార్చేస్తే మళ్లీ విప్పే పని ఉండదు.

ట్యాపెట్‌లా మోసం చేసేవి

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు అచ్చం ట్యాపెట్‌లానే టిక్కుమంటుంది. తేడా ఏంటంటే యాక్సిలరేటర్ తొక్కితే గట్టిగా వస్తుంది, లోహం వేడెక్కి వ్యాకోచిస్తే తగ్గుతుంది. మూడడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండోది మానిఫోల్డ్ వెంబడి తిప్పితే పుఫ్ పుఫ్‌మని తెలుస్తుంది. నల్లటి మసి చారికలు కూడా చూపిస్తాయి. హీట్ షీల్డ్ బోల్టు వదులైతే ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర మాత్రమే గిలగిలలాడుతుంది. ఇంజెక్టర్ల సన్నటి టిక్కులు మామూలే. పెట్రోలు ఆవిరి ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ కూడా వేడెక్కాక కొట్టుకుంటుంది. దాని కనెక్టర్ తీయగానే ఆగితే విషయం అంతే.

ఎత్తు ఎక్కుతున్నప్పుడు తక్కువ ఆర్‌పీఎంలో రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు వినిపిస్తే అది పింగింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండే చప్పుడు. దాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ ఈ బండికి లేదు, తనంతట తాను సర్దుకోదు. డయాగ్నసిస్ డబ్బాలో టెన్, జీఎన్‌డీ పిన్నులు తీగతో కలిపి టైమింగ్ లైట్‌తో ఇగ్నిషన్ టైమింగ్ చూడండి. ఫ్యాక్టరీ లెక్క 10 డిగ్రీలు. పికప్ కోసం 14 దాకా పెంచిన బండ్లు చాలా తిరుగుతున్నాయి. అలా పెంచి ఉంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయండి, లేదా 10కి దించండి.

చివరగా, న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ తొక్కండి. తొక్కినప్పుడు గరగర మొదలైతే రిలీజ్ బేరింగ్, ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్. రెండింటిలో ఏదైనా గేర్‌బాక్స్ దించాల్సిందే, ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు. దించాక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ నాలుగూ కలిపి మార్చండి. క్రాంక్ వెనక సీల్ కారుతుంటే అదీ అప్పుడే వేయించండి, తర్వాత దాన్ని అందుకోవడానికి మళ్లీ ఇదంతా విప్పాలి.