పాత రికార్డులు, పాఠం 3: ఇది లక్కా, వినైలా?

పోయిన పాఠంలో గాడుల్ని వెలుతురుకు పెట్టి చూడటం నేర్చుకున్నాం. జుమ్మెరాత్ బజార్‌లోనో ఆబిడ్స్ ఆదివారం సంతలోనో ఒక రికార్డు కొన్నారనుకోండి. ఇంటికి తేగానే తుడవకండి. ముందు అది లక్కతో చేసిందో, వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిందో తేల్చుకోవాలి.

78 ఆర్‌పీఎం రికార్డు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, దాదాపుగా లక్కదే. మోదుగ, కుసుమ్, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే జిగురది. మన లాడ్ బజార్ గాజులకు వాడేదీ ఆ లక్కే. 1890లలో గ్రామఫోన్ కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ రికార్డులకు గట్టి రబ్బరు మానేసి దీనికి మారాడు. అయితే రికార్డులో లక్క తక్కువ, పలకరాయి, సున్నపురాయి లాంటి రాతిపొడే ఎక్కువ. ఆ పొడి గ్రామఫోన్ స్టీలు ముల్లును అరగదీసి గాడికి అమరేలా చేస్తుంది. అందుకే వైపుకో కొత్త ముల్లు పెట్టాలి. వెనక వినిపించే బుసబుస కూడా ఆ పొడి వల్లే.

1948లో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్‌పీ (లాంగ్ ప్లే రికార్డు) వినైల్‌ది. రాతిపొడి లేదు కాబట్టి గాడి సన్నగా, నున్నగా ఉంటుంది. పది అంగుళాల 78లో ఒక వైపు మూడు నిమిషాలే. ఎల్‌పీలో ఇరవై దాటుతుంది. గ్రామఫోన్ స్టీలు ముల్లును దీని మీద పెట్టారంటే గాడిని దున్నేస్తుంది. ఎప్పుడూ పెట్టకండి.

ఇప్పుడు పరీక్ష. రికార్డు మధ్య రంధ్రంలో వేలు దూర్చి, అంచు మీద గోటితో మెల్లగా కొట్టండి. లక్కది టంగుమంటుంది, వినైల్ మొద్దుగా పలుకుతుంది. వంచి మాత్రం చూడొద్దు, లక్కదైతే ఫట్‌మని విరుగుతుంది. లేబుల్ మీద 78 అని ఉన్నంత మాత్రాన ఖాయం చేసుకోకండి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు పంపిన 78లలో వినైల్‌వీ ఉన్నాయి. రంధ్రం అంచున అల్యూమినియం మెరుస్తుంటే అది లాకర్ పూత రికార్డు, అంటే లోహపు పళ్లెం మీద లాకర్ అనే రసాయన పూత వేసింది, లక్కది కాదు. పూత పొరలుగా లేస్తుంటే వాయించకుండా పక్కన పెట్టండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, తుడవడానికి స్పిరిట్ వాడితే లక్క కరిగిపోతుంది. వడ్రంగులు చెక్కకు పట్టించే లక్క పాలిష్, స్పిరిట్‌లో కరిగించిన లక్కే. అదే స్పిరిట్, లేదా శానిటైజర్, దూదికి అద్ది 78 మీద రుద్దితే దూది నల్లబడుతుంది, రికార్డు మెరుపు పోతుంది. ఆ నలుపు మురికి కాదు, పాట ఉన్న గాడే.

అభ్యాసం: మీ దగ్గరున్న రికార్డులన్నీ గోటి పరీక్షతో లక్క, వినైల్ అని వేరు చేయండి. అనుమానం ఉన్నవాటిని లక్క వైపే చేర్చండి. వచ్చే పాఠంలో ముందుగా వాటినే, లేబుల్ తడవకుండా, నీళ్లతో కడుగుదాం.