మలద్వారం, ప్రొస్టేట్ పరీక్షకు ఎలా సిద్ధమవ్వాలి?

మోషన్‌లో రక్తం కనిపిస్తే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట "వేడి చేసింది". మజ్జిగ, సబ్జా నీళ్ళు, బార్లీ మొదలవుతాయి. నాలుగు రోజులకు రక్తం ఆగిపోతుంది. నెల తర్వాత మళ్ళీ కనిపిస్తే "మొలలు అయ్యుంటాయిలే" అనుకుంటారు. చాలాసార్లు అవి మొలలే. కానీ పెద్దపేగు చివర వచ్చే క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే కనిపించవచ్చు. మా ఇంట్లో ఒక పెద్దాయన ఏడాది పాటు ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. డాక్టర్ దగ్గర కూర్చున్నాక కూడా "కొంచెం గ్యాస్ అండీ" అన్నారు. ఆ సిగ్గు ఎంత బరువైనదో దగ్గరుండి చూశాను కాబట్టే ఇది వివరంగా రాస్తున్నాను.

1. ముందు కాగితం మీద రాసుకోండి

నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుంది. డాక్టర్ చేతికి ఆ కాగితం ఇచ్చేస్తే సగం టెన్షన్ పోతుంది.

రక్తం ఎలా వస్తోందో రాయండి. మోషన్ అయ్యాక ఎర్రగా చుక్కలుగా పడుతోందా, మలంలో కలిసి వస్తోందా? నొప్పి లేకుండా ఎర్రటి రక్తం పడితే లోపలి మొలలు కావచ్చు. గాజుపెంకుతో కోసినట్టు నొప్పి, తర్వాత గంటసేపు మంట ఉంటే చాలావరకు ఫిషర్, అంటే చర్మం చీలిక. తారులా నల్లగా, జిగటగా వస్తే రక్తస్రావం పైన, పొట్ట ప్రాంతంలో ఉండవచ్చు, దాన్ని వెంటనే చూపించాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది, బీట్‌రూట్ తింటే ఎర్రగా రావచ్చు. అవి కూడా రాయండి.

ఏదైనా బయటకు వచ్చి మళ్ళీ లోపలికి వెళ్తోందా, పక్కన చిన్న రంధ్రం నుంచి చీము కారుతోందా, కొన్ని వారాలుగా మోషన్ అలవాటు మారిందా, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉందా, కారణం లేకుండా బరువు తగ్గారా? అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ గానీ ప్రొస్టేట్ (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ గానీ వచ్చిందా? ఈ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు.

మగవాళ్ళు మూత్రం సంగతి కూడా రాయాలి. యూరాలజిస్టులు ఏడు ప్రశ్నలు అడుగుతారు: పోశాక ఇంకా మిగిలినట్టు ఉందా, రెండు గంటల్లోపే మళ్ళీ వెళ్ళాల్సి వస్తోందా, ధార ఆగి ఆగి వస్తోందా, ఆపుకోలేకపోతున్నారా, ధార సన్నబడిందా, ముక్కాల్సి వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. మార్కులు 7 వరకు ఉంటే ఇబ్బంది తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 లేదా అంతకు మించితే ఎక్కువ.

వాడుతున్న మందులన్నీ రాయండి, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు.

2. ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

మలద్వారం సమస్యకు జనరల్ సర్జన్, మూత్రం సమస్యకు యూరాలజిస్ట్. ఊళ్ళో యూరాలజిస్ట్ లేకపోతే మొదటి పరీక్షకు ఫిజీషియన్ గానీ సర్జన్ గానీ సరిపోతారు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి సర్జరీ ఓపీలో రోజూ చూసే కేసులే ఇవి. డాక్టర్‌కు మీ సమస్య కొత్త కాదు, వింత కాదు.

"మొలలు, లూటీ, భగందరం (చీము కారే రంధ్రం), ఆపరేషన్ లేకుండా గ్యారంటీ" అని బోర్డులు పెట్టుకున్న అర్హత లేని చోట్లకు మాత్రం వెళ్ళకండి. ఏ మందో తెలియని ఇంజెక్షన్, కాల్చే లేపనం వల్ల మలద్వారం కుంచించుకుపోయినా, కండరం దెబ్బతిన్నా తర్వాత సరిచేయడం కష్టం.

3. వెళ్ళే ముందు

డాక్టర్ మలద్వారంలోకి వేలు పెట్టి చేసే ఈ పరీక్షకు ఉపవాసం అక్కర్లేదు. మూత్రం పోసుకుని, వీలైతే మోషన్‌కి వెళ్ళి, నీళ్ళతో కడుక్కుంటే చాలు. వదులు బట్టలు వేసుకోండి.

పీఎస్ఏ (ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష చేయించుకోవాలంటే రెండు రోజుల ముందు నుంచి వీర్యస్ఖలనం, ఎక్కువసేపు సైకిల్ తొక్కడం మానండి. ఈ రెండూ ఆ అంకెను పెంచవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాక కొన్ని వారాలు ఆగాలి. ప్రొస్టేట్ పెరిగితే ఇచ్చే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు వాడేవాళ్ళకు కొన్ని నెలల్లో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సంగతి చెప్పకపోతే రిపోర్టు తప్పుడు ధైర్యం ఇస్తుంది.

4. పరీక్ష గదిలో

ఎక్కువమందిని ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టకు దగ్గరగా ముడుచుకుని పడుకోమంటారు. నడుము కింది నుంచి దుప్పటి కప్పమని అడగండి. మగ డాక్టర్ అయితే ఆడవాళ్ళు పక్కన నర్సు ఉండాలని అడగవచ్చు, అడగాలి కూడా. ప్రొస్టేట్ గ్రంథి మగవాళ్ళకే ఉంటుంది గానీ, రక్తం పడుతుంటే ఈ పరీక్ష ఆడవాళ్ళకూ అంతే అవసరం.

మొదట డాక్టర్ బయట చూస్తారు: వాచిన మొల, చీలిక, చీము రంధ్రం, గడ్డ. తర్వాత గ్లౌజు వేసుకుని, జెల్లీ రాసుకుని వేలు పెడతారు. ఆ క్షణంలో బిగబట్టకండి. నోటితో ఊపిరి వదులుతూ, మోషన్‌కి ముక్కినట్టు కొంచెం ముక్కితే కండరం వదులవుతుంది. "ఒకసారి బిగించండి" అని కూడా అనవచ్చు, అది కండరం బలం చూడటానికి. పేగు గోడలు చుట్టూ తడిమి, ముందువైపు ప్రొస్టేట్‌ను తాకుతారు. అప్పుడు మూత్రం వచ్చేటట్టు అనిపిస్తుంది. అది మామూలే. ప్రొస్టేట్ మామూలుగా అక్రోటుకాయంత ఉండి, రబ్బరులా తగులుతుంది. రాయిలా గట్టి ముడి తగిలితే అనుమానిస్తారు. అంతా కలిపి ఒకటి రెండు నిమిషాల పని.

ఫిషర్ ఉండి విపరీతంగా నొప్పి పుడితే "ఆపండి" అని చెప్పండి. మొద్దుబార్చే జెల్ రాసి చూస్తారు, లేదా నొప్పి తగ్గాక చూస్తారు. ఓర్చుకుని పళ్ళు బిగించాల్సిన అవసరం లేదు.

5. తర్వాత ఏం అడగాలి?

లోపలి మొలలు వేలికి సాధారణంగా తగలవు, వాటిని చూడటానికి ప్రొక్టోస్కోప్ అనే పొట్టి గొట్టం పెడతారు. కాబట్టి "మొలలు ఉన్నాయి" అంటే ఎలా తెలిసిందో అడగండి. మొలలు కనిపించినంత మాత్రాన పైన ఇంకేమీ లేదని కాదు. వయసు ఎక్కువైనా, అలవాటు మారినా, రక్తహీనత ఉన్నా "కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అవసరమా?" అని మీరే అడగండి. దానికి ముందు రోజు మందు తాగి పేగు ఖాళీ చేసుకోవాలి, తోడు ఒకరు ఉండాలి. అమెరికాలో ఏ లక్షణం లేకపోయినా 45 ఏళ్ళకే పేగు క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టమని 2021 నుంచి చెబుతున్నారు.

పీఎస్ఏ 4 దాటిందంటే క్యాన్సర్ అని కాదు. వయసుతో గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. 4 లోపు ఉంటే క్యాన్సర్ లేదని కూడా కాదు. అందుకే ఆ అంకె చూసి ఇంట్లో నిద్ర పాడుచేసుకోకుండా, మళ్ళీ ఎప్పుడు చేయాలి, అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ కావాలా అని అడగండి. లక్షణాలు లేనివాళ్ళు 55 నుంచి 69 ఏళ్ళ మధ్య లాభనష్టాలు డాక్టర్‌తో మాట్లాడుకుని పీఎస్ఏ చేయించుకోవాలో వద్దో నిర్ణయించుకోవాలన్నది అమెరికా నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన సలహా. నాకది సమంజసంగానే అనిపిస్తుంది.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడనివి

మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బడం, రక్తం ఎక్కువగా పోయి కళ్ళు తిరగడం, మలద్వారం దగ్గర వాపుతో జ్వరం, చలిజ్వరంతో మూత్రం మంట, నడుమునొప్పితో పాటు కాళ్ళు బలహీనమై కూర్చునే భాగం మొద్దుబారడం. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి వెళ్ళండి, మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి.